ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేసిన జిప్సీ ముందు భాగం ఎందుకు వణుకుతుంది?

వణుకు ఎప్పుడొస్తుందో చూస్తే కారణం తెలుస్తుంది: వేగం పెరిగే కొద్దీ వస్తే టైర్లు, గతుకు తగలగానే వస్తే స్టీరింగ్ జాయింట్లు, ఫోర్‌వీల్ వేసి యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు యాక్సిల్‌కు ఇంజిన్ శక్తిని అందించే తిరిగే కడ్డీ).

పెద్ద టైరు బరువెక్కువ. బ్యాలెన్సింగ్‌లో (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండటంలో) కొద్ది తేడా ఉన్నా, రిమ్ము లోపల బురద ఎండి అంటుకున్నా గంటకు 80 కిలోమీటర్లు దాటాక స్టీరింగ్‌లో తెలిసిపోతుంది. ఎత్తు పెంచితే షాఫ్ట్ కోణం పెరిగి దాని చివర్లలో వంగి తిరిగే క్రాస్ జాయింట్లు సాఫీగా తిరగవు. క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) కూడా తగ్గితే, తిప్పిన చక్రాలు తమంతట తాము తిన్నగా రావు.

శ్రీకాకుళం నుంచి రణస్థలం వెళ్తూ హైవే మీద 60లో వంతెన అతుకు దాటగానే స్టీరింగ్ కుడి ఎడమలకు కొట్టుకుని, బండి నెమ్మదిస్తే గానీ ఆగలేదనుకోండి. అది బ్యాలెన్సింగ్ లోపం కాదు. చక్రాలు నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, ఇంకొకరు వంగి టై రాడ్ ఎండ్ల మీద (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ చివరి జాయింట్ల మీద) చెయ్యి వేసి చూడాలి. లూజుంటే వేలికి టిక్కుమని తగులుతుంది. తర్వాత జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. బ్రేకు తొక్కి పట్టినా కదులుతుంటే కింగ్‌పిన్ బేరింగులు (చక్రం కుడి ఎడమలకు తిరిగే చోట ఉండేవి) లూజు, కదలడం ఆగిపోతే వీల్ బేరింగ్ లూజు.

స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపులను తగ్గించే షాక్ అబ్జార్బర్ లాంటిది) మారిస్తే చాలని చాలామంది అనుకుంటారు (షాపులవాళ్లూ అదే అమ్ముతారు). డ్యాంపర్ వణుకును కొన్నాళ్లు అణచిపెడుతుందంతే. అరిగిన జాయింటు కింద అరుగుతూనే ఉంటుంది.