భరణం వచ్చాక తీరుస్తానని మూడు రూపాయల వడ్డీకి అప్పా?

తిరుపతిలో ప్రైవేటు స్కూల్లో పనిచేసే ఒకావిడ రాశారు. భర్త తాగొచ్చి చేయి చేసుకుంటున్నాడు, ఏడేళ్ల పాపతో వేరే ఇల్లు చూసుకుని విడాకులకు వేద్దామనుకుంటున్నారు. జీతం 28 వేలు, అదీ ఇద్దరి పేరుమీదున్న ఖాతాలో పడుతుంది. సొంతంగా 70 వేల ఆర్డీ, 12 సవర్ల నగలు ఉన్నాయి. లాయరు ఫీజుకీ ఇంటి అడ్వాన్సుకీ మూడు రూపాయల వడ్డీకి 3 లక్షలు తీసుకుని, భరణం రాగానే తీర్చేయొచ్చా అని అడుగుతున్నారు.

వద్దమ్మా. ఇంకా రాని భరణాన్ని చూసుకుని అప్పు చేసేవాళ్లు చాలామంది, అందుకే ఈ జవాబు. నెలకు 9 వేలు వడ్డీకే పోతుంది, అసలు కదలదు. క్రూరత్వం కింద వేసిన కేసులో ఆయన ఎదురు తిరిగితే ఏళ్లు పట్టొచ్చు. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు అడగండి, తప్పకుండా అడగండి, కానీ ఆర్డరు రావడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు.

అసలు లాయరుకు అప్పెందుకు? ఆదాయం ఎంతున్నా సరే ఆడవాళ్లకు ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార చట్టంలోనే ఉంది. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోండి.

మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, అదీ ఆయన చేయి పడని చోట. నెలకు 20 వేలనుకుంటే 1.2 లక్షలు. జాయింటు ఖాతాలో ఉన్నది ఆయన ఏ రోజైనా ఊడ్చేయొచ్చు, కాబట్టి ఈ వారమే వేరే బ్యాంకులో మీ పేరుమీద ఖాతా తెరిచి, ఆయన చేతికి చిక్కని ఫోన్ నంబరు ఇచ్చి, జీతం అందులో పడేలా స్కూల్లో రాసివ్వండి. ఆర్డీ డబ్బు దీనికే. తక్కువపడితే రెండు మూడు సవర్లు బ్యాంకులో కుదువ పెట్టండి, ఏడాదికి నూటికి 36 కట్టడం కంటే ఎంతో నయం. మిగతా నగలకు ఫొటోలు తీసి మీ ఒక్కరి పేరున్న లాకర్లో పెట్టండి, అవి మీ స్త్రీధనం. అయితే ఈ డబ్బు కూడేదాకా దెబ్బలు తింటూ ఉండమని కాదు, ప్రాణం మీదికొస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి పాపతో బయటికొచ్చేయండి.

హెల్త్ పాలసీ ఆయన ఆఫీసుదైతే విడాకులతో మీ పేరు పోతుంది, ముందే వేరేది తీసుకోండి. పీఎఫ్ నామినీ సంగతి లాయర్ని అడగండి.

ఒకవేళ వడ్డీకిచ్చేవాళ్లకు ఖాళీ ప్రోనోటు మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, డబ్బు ముట్టకుండా ముందు ఆ కాగితం వెనక్కి తెచ్చుకోండి.