పాప చేతికి సూది ఇచ్చే ముందు

అమ్మలూ,

పాపకి ఐదేళ్లు నిండాయి, కుట్టుపని నేర్పాలనుంది, బాబుకి కూడా బొమ్మలూ బట్టలూ నా చేత్తోనే కుట్టాలనుంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను పెద్దమ్మా అని అడిగావు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒకటి మనసులో పెట్టుకో. పిల్లల కోసం కుట్టడం వేరు, పిల్లలతో కుట్టడం వేరు. బాబు కోసం కుట్టేటప్పుడు నువ్వెంత పట్టింపుగా ఉన్నా తక్కువే, ఎందుకంటే అక్కడ ఊడిన గుండీ గొంతులోకి పోతుంది. పాపతో కూర్చున్నప్పుడు ఆ పట్టింపంతా పక్కన పెట్టెయ్యాలి. రెండూ ఒకే పూట, ఒకే గుడ్డ మీద చేద్దామని కూర్చుంటే నీకు విసుగు, దానికి ఏడుపు.

పాపకి వెంటనే సూది ఇవ్వకు. మందపాటి అట్ట మీద చేపో ఆకో గీసి, అంచు వెంబడి రెండేసి సెంటీమీటర్ల ఎడంలో చిల్లులు పెట్టి, ఒక బూటు లేసు చేతికివ్వు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి అనే వరస చేతికి పట్టేది అక్కడే. మూడేళ్ల పిల్లలు కూడా చెయ్యగలరు, ఐదేళ్లదానికి తొందరగానే వచ్చేస్తుంది.

తర్వాత సూది. మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉండే ఇనుప సూది తీసుకో. ఉన్ని దారంతో కుట్టేవాళ్లు వాడేది అదే. పిల్లల కోసమని ప్లాస్టిక్ సూదులు అమ్ముతారు కానీ నాకవి నచ్చవు. మామూలు గుడ్డలో దిగవు, వంగిపోతాయి, పిల్ల బలంకొద్దీ నెట్టి నెట్టి తనకి చేతకాదనుకుంటుంది. గుడ్డ కూడా నేత వదులుగా ఉండాలి, గోనెగుడ్డ లాంటిదైతే మరీ మంచిది. సూది దిగడానికి బలం పెట్టాల్సి వస్తోందంటే గుడ్డ మార్చు.

దారం పాప చెయ్యంత పొడవు చాలు, భుజం నుంచి వేలి కొస దాకా. అంతకన్నా పొడవైతే ప్రతి కుట్టుకీ చిక్కుపడుతుంది, మాటిమాటికీ ఎక్కించక్కర్లేదులే అని నువ్వు మిగుల్చుకున్న టైమంతా చిక్కు తియ్యడానికే పోతుంది. ఎక్కించాక బెజ్జం దగ్గర ఒక ముడి వేసెయ్యి, లాగినప్పుడల్లా సూది జారిపోకుండా ఉంటుంది. గుడ్డని ఎంబ్రాయిడరీ రింగులో బిగించి, బల్ల మీద పెట్టి కుట్టించు. ఒళ్లో పెట్టుకుంటే తన గౌనుని కూడా కలిపి కుట్టేసుకుంటుంది. దాదాపు పిల్లలందరూ చేసే పనే అది.

ఇంకొకటి కూడా తప్పకుండా చేస్తుంది, సిద్ధంగా ఉండు. సూదిని కిందికి దింపుతుంది. మళ్లీ కిందనుంచి పైకి గుచ్చాల్సింది పోయి, రింగు అంచు చుట్టూ తిప్పి పైకి తెచ్చి, మళ్లీ పైనుంచే గుచ్చుతుంది. దారం అంచు మీదుగా చుట్టుకుంటుంది. అప్పుడు నీ చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తుంది చూడు, ఆపుకో. రింగు దాని చేతిలోంచి లాక్కోకుండా, "సూది ఇప్పుడు పైన ఉందా, కింద ఉందా?" అని అడుగు. రింగు తిరగేసి చూసుకుంటుంది. విప్పమంటే అప్పుడు విప్పు. "ఇలాగే బాగుంది" అంటే ఉండనీ. రెండు మూడుసార్లు తిరగేసి చూసుకున్నాక, కుట్టు వెయ్యబోయే ముందే కిందికి తొంగి చూడటం మొదలుపెడుతుంది. పని అర్థమైందనడానికి అదే గుర్తు.

చెయ్యి కుదిరాక గళ్ల గుడ్డ ఇవ్వు. ఒక గడి పైన, ఒక గడి కింద అని చెప్తే చాలు, గీత గియ్యకుండానే వరస తిన్నగా వస్తుంది. ఆ తర్వాత గుండీలు. పెద్దవి, రెండున్నర సెంటీమీటర్లవి తీసుకో. కాసేపట్లో పని పూర్తయి, లాగి చూస్తే ఊడకుండా నిలబడుతుంది కాబట్టి పిల్లలకి గుండీ కుట్టడమంటే మహా ఇష్టం. ఈ వయసులో పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చుంటే గొప్ప. ఇంకా కుడతానంటున్నప్పుడే ఆపించు, రేపు తనే అడుగుతుంది.

పిల్లల మొద్దు కత్తెరలు గుడ్డని కొయ్యవు, నలుపుతాయి. అందుకని ముక్కలు నువ్వే ముందు కత్తిరించి ఉంచు. సూది చేతిలో ఉంటే లేచి తిరగకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. ఈ రెండోది నీక్కూడా. గుండుసూదులు పళ్లమధ్య పట్టుకుని కుట్టే అలవాటుంటే మానుకో, నిన్ను చూసే నేర్చుకుంటుంది. మొదలుపెట్టేముందు సూదులు లెక్కపెట్టు, లేచేముందు మళ్లీ లెక్కపెట్టు. పాకే పిల్లాడున్న ఇల్లు నీది. ఒక అయస్కాంతం దగ్గరుంచుకుంటే నేలమీద పడ్డ సూదిని వెతకడం తేలిక.

ఒక్కటి మాత్రం నీ దగ్గర మాట తీసుకుంటున్నాననుకో. అది నిద్రపోయాక దాని కుట్లు విప్పి సరిచెయ్యకు. పొద్దున లేచి చూసి నీతో ఏమీ అనకపోవచ్చు. కానీ ఆ కుట్లు తనవి కావని దానికి తెలిసిపోతుంది.

ఇప్పుడు బాబు సంగతి. మూడేళ్లు నిండేదాకా వాడి బొమ్మలకి గుండీలు, పూసలు, గంటలు వద్దు. బొమ్మల భద్రతా పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేసే వస్తువేదైనా మూడేళ్లలోపు పిల్లలకి ప్రమాదమే అని లెక్క. కళ్లూ ముక్కూ దారంతోనే కుట్టు. బొమ్మ చుట్టూ రెండు వరసలు మిషన్ కుట్టు వెయ్యి. దూది కూరడానికి వదిలిన సందుని చేత్తో దగ్గర దగ్గరగా కుట్టి, రెండు చేతులా గట్టిగా లాగి చూడు. అక్కడ పోగు కదిలితే మళ్లీ కుట్టు. ఏడాది నిండేదాకా ఎంత మెత్తటి బొమ్మనైనా వాడు నిద్రపోయే పక్కలో ఉంచకు, ముక్కుకి అడ్డం పడితే వాడంతట వాడు తీసుకోలేడు.

బట్టల్లో మెడ దగ్గర, టోపీ దగ్గర లాగి కట్టే తాళ్లు పెట్టకు. యూరప్ ప్రమాణాల్లో ఏడేళ్లలోపు పిల్లల బట్టలకి అవి నిషేధమే, ఎక్కడైనా తగులుకుంటే మెడకి బిగుస్తాయని. నూలు గుడ్డని కత్తిరించే ముందే ఉతికి ఆరబెట్టు, కుంచించుకునేదేదో ముందే కుంచించుకుంటుంది. లోపలి అంచులు ఒంటికి గీరుకోకుండా ఉండాలంటే, ముందు తిరగవైపులు కలిపి సన్నగా కుట్టి, అంచు కత్తిరించి, తిరగేసి మళ్లీ కుట్టు. అంచు పోగులన్నీ కుట్టు లోపలే ఉండిపోతాయి. కింది అంచు మడతలో ఐదు సెంటీమీటర్లు వదిలితే మరో ఏడాది కలిసొస్తుంది.

తమ్ముడి దుప్పటి నేనూ కుడతానని పాప పేచీ పెడుతుంది, చూస్తూండు. వద్దనకు. ఒక చదరం గుడ్డ దానికి విడిగా ఇచ్చెయ్యి, గుండీ తప్ప ఏం కావాలంటే అది కుట్టుకోనీ. దాన్ని దుప్పటి మధ్యలో పెట్టి, నాలుగంచులూ నువ్వు మిషన్ మీద గట్టిగా కుట్టు. వెనక్కూడా గుడ్డ వేస్తావు కాబట్టి వెనకవైపు వదులు దారాల్లో బాబు వేళ్లు చిక్కుకోవు.

అన్నట్టు, పాపది ఎడంచేతి వాటమా? నువ్వు రాయలేదు. అయితే పక్కన కూర్చుని నేర్పకు, ఎదురుగా కూర్చో. అద్దంలో చూసినట్టు నీ కుడిచెయ్యి ఏం చేస్తే దాని ఎడంచెయ్యి అదే చేస్తుంది.

ప్రేమతో,
పెద్దమ్మ