వాళ్ల మీద వాళ్లకే చెప్పాలా?

ప్రశ్న: ఒక ప్రభుత్వ ఆఫీసులో మా భూమి కాగితాల కోసం లంచం అడుగుతున్నారు. ఆ శాఖలోనే ఉద్యోగుల తప్పుల మీద నిఘా పెట్టే విజిలెన్స్ ఉంది, అక్కడ చెప్పమంటున్నారు. వాళ్లవాళ్లే కదా, లాభముంటదా సార్?
- ఒక రైతు, దేవరకొండ

జవాబు: మీ అనుమానం తప్పేం కాదు. శాఖ లోపలి విజిలెన్స్‌లో చాలాసార్లు ఆ శాఖ మనుషులే ఉంటారు, విచారణ చేసి నివేదిక ఇస్తారు, శిక్ష వేయాల్సింది మాత్రం పై అధికారి, ఆయన ఆ ఫైలును పక్కన పెడితే అంతే సంగతులు. అలాగని దండగ అనను. ఫైలు కావాలని ఆపడం, రికార్డు తారుమారు చేయడం లాంటివి బయటివాళ్లకంటే లోపలివాళ్లకే తొందరగా దొరుకుతాయి.

అవినీతి అరికట్టడానికి కేంద్రం వేసిన సంతానం కమిటీ చెప్పాక 1964లో వచ్చిన కేంద్ర విజిలెన్స్ కమిషన్ బ్యాంకులు, రైల్వే, పోస్టాఫీసు లాంటి కేంద్రం సంస్థలకే. రాష్ట్ర ఉద్యోగి మీద అక్కడికి రాస్తే పని కాదు.

మీది నేరుగా డబ్బు అడిగిన కేసు కాబట్టి ఏసీబీ (రాష్ట్ర అవినీతి నిరోధక శాఖ) టోల్‌ఫ్రీ నంబరు 1064కి ఫోన్ చేయండి, అదీ డబ్బు ఇవ్వకముందే. లంచగొండిని పట్టుకోవడానికి వాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ అనే పొడి పూసి మీతో పంపుతారు, తీసుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేట్ (చాకలి సోడా) కలిపిన నీళ్లలో ముంచితే గులాబీ రంగు తేలుతుంది. ఒకవేళ బలవంతం మీద ఇప్పటికే ఇచ్చేసి ఉంటే 7 రోజుల్లోపు చెప్పండి, అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఆ గడువు దాటితే ఇచ్చినవాళ్లూ ఇరుక్కోవచ్చు. ఫిర్యాదు ఎక్కడిచ్చినా పేరు, తేదీ, ఎంత అడిగారో రాసి, రసీదు మాత్రం అడిగి తీసుకోండి.