కూజా మొక్కలు పెంచుతానన్న అబ్బాయికి

చిరంజీవి నాన్నకు పెద్దమ్మ ఆశీస్సులు.

కీటకాహార మొక్కలు, చీమల మొక్కలు పెంచుతానని, అంతరించిపోతున్న వాటిని కాపాడతానని రాశావు. సంతోషం. అయితే అవి రెండు వేర్వేరు పనులురా. పెంచడం తేలిక కాబట్టి ముందు అది చెప్తాను.

మొక్క కంటే ముందు టీడీఎస్ మీటర్ కొనుక్కో, నీళ్లలో ఎంత ఉప్పు, ఖనిజాలు కరిగి ఉన్నాయో అది చూపిస్తుంది. కీటకాహార మొక్కలు పోషకాలు లేని తడి నేలల్లో పుట్టినవి, వాటి వేళ్లు ఉప్పుల్ని తట్టుకోలేవు. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు పోశావంటే మెల్లగా వాడిపోతాయి. మీటర్ మీద 50 పీపీఎం (పది లక్షల్లో వంతులు) లోపు ఉంటే నిశ్చింత, 100 దాటితే ఆ నీళ్ల జోలికి పోకు. వాన నీళ్లంత మంచివి ఇంకేవీ లేవు, డ్రమ్ము పెట్టి పట్టుకో. ఇంట్లో ఆర్వో ఉందిగా అంటావేమో, చాలా మెషిన్లు రుచి కోసం మినరల్స్ మళ్లీ కలిపి వదులుతాయి. ఆ నీళ్లను కూడా మీటర్‌తో చూశాకే పొయ్యి.

కుండీలో తోట మట్టి, వర్మీకంపోస్టు, ఎరువు ఏదీ వెయ్యకు. నెపెంథిస్‌కి, అంటే కూజా మొక్కకి, స్ఫాగ్నమ్ అనే నాచు, పెర్లైట్ అనే తేలికైన తెల్ల రాతి గుళికలు చాలు. పెర్లైట్ ప్యాకెట్ మీద ఎరువు కలిపామని రాసి ఉంటే అది కొనకు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వాడితే, అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి, నానబెట్టి పిండు. పిండిన నీళ్ల టీడీఎస్ దిగేదాకా మళ్లీ మళ్లీ కడుగు. ఆకుల మీది జిగురు చుక్కలతో పురుగుల్ని పట్టే డ్రోసిరా కుండీని నీళ్ల పళ్లెంలో ఉంచొచ్చు. నెపెంథిస్‌ని మాత్రం నీళ్లలో నిలబెట్టకు, వేళ్లు కుళ్లుతాయి. ఇక కూజాల్లో మాంసం ముక్కలు వేసి వీడియో తీసే సరదా నీకూ ఉంటే మానుకో. దానికి కావలసిన పురుగుల్ని అది పట్టుకుంటుంది.

ఏ జాతి తీసుకోవాలన్న దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. బోర్నియోలోని కినబాలు కొండ మీది నెపెంథిస్ రాజా ఫోటో చూసి మనసు పడతారు. దానికి రాత్రిళ్లు పదిహేను డిగ్రీల దరిదాపుల్లో చల్లదనం కావాలి. మే నెల హైదరాబాద్‌లో దాన్ని బతికించాలంటే దానికో ఏసీ గది కట్టాలి. పురుగు వాలితే ఆకు మూసి పట్టేసే డయోనియా కూడా అంతే. అది అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినాల బురద నేలల మొక్క, ఏటా మూడు నాలుగు నెలలు చలికి నిద్రపోవాలి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చేవాళ్లున్నారు, కానీ మీ ఇంట్లో ఫ్రిజ్ మీద అధికారం మీ అమ్మది. కాబట్టి వెంట్రాటా అనే నెపెంథిస్‌తో మొదలుపెట్టు. అది సంకరం, మొండిది. తర్వాత మిరాబిలిస్, ఆంపుల్లేరియా వంటి వేడి ప్రాంతాల జాతులు. ఏప్రిల్‌లో పొడిగాలికి కొత్త కూజాలు రావు, ఆకు చివర ఎండిపోతుంది. టెన్షన్ పడకు, సగం ఎండని ఆపే గ్రీన్ నెట్ కట్టి ఊరుకో. వానలు పడితే మళ్లీ కూజాలు కడుతుంది.

చీమల మొక్కలంటే నాకు పక్షపాతం ఎక్కువ. హిడ్నోఫైటమ్, మిర్మెకోడియా అనే చీమల మొక్కలు ఆగ్నేయాసియా, న్యూగినీల్లో చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. కాండం అడుగు దుంపలా ఉబ్బి, లోపల గదులు గదులుగా ఉంటుంది. నున్నటి గోడల గదుల్లో చీమలు పిల్లల్ని పెంచుతాయి, గరుకు గోడల గదుల్లో చెత్త పారేస్తాయి. ఆ చెత్తలోంచి మొక్క పోషకాలు పీల్చుకుంటుంది. చీమలు తొలిచి ఈ గదులు చేశాయేమో అనుకునేవారు. చీమలు లేకపోయినా ఇవి వాటంతట అవే ఏర్పడతాయని 1880లలోనే జావాలోని బోగోర్ ఉద్యానవనంలో ట్రూబ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అందుచేత నీ బాల్కనీలో చీమల్ని తెచ్చి వదిలే పని పెట్టుకోకు. మన ఊరి చీమలు చేరితే ముందు పిండినల్లిని పోషిస్తాయి! దుంప పైకి కనపడేలా, నీళ్లు నిలవని బెరడు ముక్కల్లో నాటు. పండిన కాయని నొక్కితే జిగురు గింజ వస్తుంది. వెంటనే తడి నాచు మీద పెట్టు, పూడ్చకు. దాచిపెడితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది.

ఇప్పుడు కాపాడే సంగతి. బోర్నియోలో నెపెంథిస్ బైకల్కరేటా అని ఒకటుంది. దాని బోలు తీగల్లో కాంపోనోటస్ ష్మిట్జి అనే చీమ కాపురముంటుంది, కూజాలోని ద్రవంలోకి దిగి ఈదుతుంది కూడా. కుండీలో ఆ మొక్క బతుకుతుంది, చీమ ఉండదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మిర్మెకోడియా బెక్కరీ దుంపల్లో చీమలతో పాటు అపోలో జువెల్ అనే సీతాకోకచిలుక గొంగళి పురుగులు పెరుగుతాయి. అడవిలో ఒక్క దుంప పీకినా ఆ ఇల్లంతా పోయినట్టే. అందుకే అడవి నుంచి తెచ్చినది ఎంత చవకగా ఇచ్చినా కొనకు. ముదిరిన కాండం, తెగిన వేళ్లు, పాత పురుగుకాట్లు కనపడితే అనుమానించు. నర్సరీలో గింజ నుంచో టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో మొక్క ముక్క నుంచి పెంచడం) నుంచో వచ్చినదని చెప్పగలిగినవాళ్ల దగ్గరే తీసుకో. ఏ ప్రాంతపు మొక్క, ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నావో చీటీ రాసి కుండీకి కట్టు, నోట్‌బుక్‌లోనూ రాసుకో. చీటీ పోయిన అరుదైన జాతి మొక్క అలంకారానికి తప్ప సంరక్షణకు పనికిరాదు.

మన దేశపు ఏకైక నెపెంథిస్, మేఘాలయ కొండల ఖాసియానా, నీకు కావాలని రాశావు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో ఉంది. లైసెన్సు లేకుండా పెంచడం, అమ్మడం నేరం. చూడాలనుంటే గారో కొండల్లో బాఘ్‌మారా దగ్గర దాని కోసమే అభయారణ్యం ఉంది, వెళ్లిరా.

అరుదైనవి దూరదేశాల్లోనే ఉంటాయనుకోకు. మన తూర్పు కనుమల్లో డ్రోసిరా బర్మాన్నై, డ్రోసిరా ఇండికా ఉన్నాయి. వానలయ్యాక నీరు ఊరే ఇసుక నేలల్లో, గడ్డి మధ్య ఎర్రగా మెరుస్తుంటాయి. తడి మడుల్లో, చిన్న తిత్తులతో పురుగుల్ని పట్టే యుట్రిక్యులేరియా పూస్తుంది. ఆ చెమ్మ నేలని చదును చేస్తే, నీరు మళ్లిస్తే అవి ఉండవు. కనపడితే ఫోటో తియ్యి, పూసిన నెల రాసుకో, దగ్గర్లోని కాలేజీ బోటనీ వాళ్లకి చెప్పు. కచ్చితమైన చోటు మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టకు. పీకి తేకు.

నెపెంథిస్‌లో మగ, ఆడ మొక్కలు వేరు, పూసేదాకా తెలియదు. నా మిరాబిలిస్ మగది. నీకు ఆడది దొరికి పూస్తే ఫోన్ చెయ్యి, పుప్పొడి కాగితంలో మడిచి పంపిస్తాను.

మీ పెద్దమ్మ