పది నెలల పాప బరువు ఆగిపోతే ముందు గిన్నెలో చిక్కదనం చూడండి

ప్రశ్న: "పాపకు పది నెలలు. ఎనిమిదో నెలలో 6.8 కిలోలు, ఇప్పుడు 6.9. అంగన్‌వాడీ టీచర్ చార్టులో ఇంకా ఆకుపచ్చలోనే ఉంది, భయం లేదన్నారు. రోజుకు మూడుసార్లు రాగి జావ, పప్పుకట్టు అన్నం పెడుతున్నాం. నా పాలూ తాగుతుంది. డబ్బా పౌడర్ కొనాలా? నాకూ నీరసంగా ఉంటోంది, అత్తగారు ఇంకా పథ్యం అంటున్నారు."

పౌడర్ సంగతి తర్వాత. ముందు ఆ ఆకుపచ్చ గురించి. పది నెలల ఆడపిల్లకు 6.7 కిలోలు దాటితే చుక్క ఆకుపచ్చలో, అంటే మామూలు బరువు పట్టీలో పడుతుంది, నిజమే. కానీ చార్టులో చూడాల్సింది చుక్క పడిన రంగు ఒక్కటే కాదు, రెండు చుక్కల్ని కలిపే గీత ఎటు పోతోందో కూడా. ఎనిమిది నుంచి పది నెలల మధ్య ఆడపిల్ల అర కిలో దాకా పెరగాలి. మీ పాప 100 గ్రాములే పెరిగింది. గీత పడుకుంది. ఇలాగే ఉంటే ఒకటి రెండు నెలల్లో పసుపులోకి, అంటే తక్కువ బరువులోకి జారుతుంది. పసుపు వచ్చాక పరుగెత్తడం కంటే ఇప్పుడు సరిచేయడం తేలిక.

గాభరా పడేముందు తూకం మరోసారి చూడండి. రెండుసార్లూ ఒకే కాటా మీద, ఒంటిమీద బట్టల్లేకుండా, ముల్లు సున్నా దగ్గర ఉందని చూసుకుని తూచారా? స్వెటరు, తడిసిన లంగోటా కలిస్తే 200 గ్రాములు ఇట్టే మారిపోతాయి. జబ్బ కొలత కూడా అడగండి. ఎడమ చెయ్యి వదులుగా వేలాడాలి, భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి, చర్మం నొక్కుకుపోయేలా బిగించకూడదు. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఫర్వాలేదు. 11.5 లోపు ఉంటే తీవ్రమైన పోషణలోపం, ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోయినా అంతే. అది ఒంట్లో చేరిన నీరు, తూకాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది. అలాంటి పిల్లలకు ఒక్కసారిగా బాగా తినిపించడమూ ప్రమాదమే, అందుకే పోషకాహార పునరావాస కేంద్రంలో కొద్దికొద్దిగా మొదలుపెడతారు.

ఇక అసలు విషయం. తల్లిపాలు తాగే పిల్లకు ఈ వయసులో పైతిండి నుంచి రోజుకు సుమారు 300 కేలరీలు అందాలి, బరువు తగ్గిన పిల్లకు ఇంకొంచెం ఎక్కువే. ఇంట్లో చేసే జావలో గ్లాసు నీళ్లకు ఒక పెద్ద చెంచా పిండి, అంటే 10 గ్రాములు పడుతుంది. బెల్లంతో కలిపి 45, 50 కేలరీలు. మూడు గ్లాసులు తాగినా 150 దాటదు. ఏడు కిలోల పిల్ల కడుపులో ఒక్కసారికి పట్టేది 200 మిల్లీలీటర్లు. ఆ చోటంతా నీళ్లే ఆక్రమిస్తే పిల్ల కడుపు నిండి తల తిప్పేసుకుంటుంది. మనం "తినడం లేదు" అంటాం. పప్పుకట్టుదీ అదే కథ. పప్పు అడుగున ఉండిపోతుంది, తేట పిల్లకు వస్తుంది, ముద్దపప్పు పెద్దలకు పోతుంది.

మరి చిక్కగా చేయొచ్చుగా అంటే, మూడు చెంచాల పిండి వేస్తే సంగటిలా ముద్ద కట్టి పిల్ల మింగలేదు. అందుకే అమ్మలు నీళ్లు పోస్తారు. దీనికి మొలకల పిండి ఉపాయం ఉంది. గుప్పెడు రాగులు పన్నెండు గంటలు నానబెట్టి, తడిగుడ్డలో ఒకటిన్నర రోజు మూటకట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి విసురుకోవాలి. కమ్మదనం కోసం దీన్ని మూకుట్లో బాగా వేయించేస్తారు కొందరు. వేయిస్తే గంజిని కరిగించే గుణమే చచ్చిపోతుంది. మామూలు రాగిపిండి మూడు పెద్ద చెంచాలతో ముద్దగా ఉడికించి దించండి. రెండు మూడు నిమిషాలు ఆరాక మొలకల పిండి ఒక చిన్న చెంచా కలిపి తిప్పుతూ ఉండండి. గరిటెకు అంటుకుపోయిన ముద్ద ఐదు నిమిషాల్లో సడలి, పెరుగులా జారుతుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక్క పొంగు రానివ్వాలి, మొలకల్లో క్రిములుంటాయి కాబట్టి. చిన్న చెంచా నెయ్యి, కాస్త బెల్లం వేస్తే అదే గిన్నెలో 160 కేలరీలు.

మిగతా పూటలకు కిచిడీ చాలు. బియ్యం 20 గ్రాములు, పెసరపప్పు 10, నాలుగు పాలకూర ఆకులు, మెత్తగా ఉడికాక ఒక చెంచా నెయ్యి. చెంచా వెనకభాగంతో మెదపండి, మిక్సీలో తిప్పి వడగట్టకండి, పది నెలల పిల్ల నమలడం నేర్చుకోవాలి. చెంచా వంచితే జారిపోకుండా నిలబడాలి, అదే చిక్కదనానికి గుర్తు. ఉడికిన గుడ్డు మొత్తం పెట్టొచ్చు, వేడి చేయదు. రోజుకు మూడు నాలుగు పూటలు, పూటకు అరకప్పు, మధ్యలో ఒక అరటిపండు ముక్క. పాపకు విడిగా చిన్న గిన్నె పెట్టండి. మీ కంచంలోంచి తినిపిస్తే ఎంత తిన్నదో ఎవరికీ తెలియదు.

డబ్బా పౌడర్ అక్కర్లేదు. తెలంగాణలో అంగన్‌వాడీ ఇచ్చే 2.5 కిలోల బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. 100 గ్రాములకు 400 కేలరీల పైనే. కాచిన నీళ్లలో గట్టిగా కలిపి ఒక పూట పెట్టండి. తీపి కాబట్టి మూడు పూటలూ అదే పెడితే కిచిడీ ముట్టదు. ఆ ప్యాకెట్టు ఇంట్లో అందరికీ లడ్డూలైపోవడం మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే!

టీలో ముంచిన బిస్కెట్లు, నీళ్లు కలిపిన గేదెపాలు మానేయండి. ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఆశా దగ్గర తీసుకోండి. తొమ్మిదో నెల టీకాతో విటమిన్ ఎ పడిందో లేదో కార్డు చూడండి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు పద్నాలుగు రోజులు, ఆగిపోయినా మానకుండా. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి. చాలామంది పిల్లలు జారిపోయేది ఆ రెండు వారాల్లోనే.

మీ విషయం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజూ 600 కేలరీలు, తర్వాత ఆరు నెలలు 520 అదనంగా కావాలి. మీరు తినకపోయినా పాలు ఒక పట్టాన తగ్గవు, మీ ఒంట్లోంచి తోడుకుంటాయి. నీరసం అందుకే కావచ్చు. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మీద బతకాల్సిన పని పది నెలలకు కాదు, పదో రోజుకే లేదు. పప్పు, ఆకుకూర, పెరుగు, గుడ్డు తినండి. అత్తగారితో వాదించే బదులు టీకా రోజున ఏఎన్‌ఎమ్ చేత చెప్పించండి, ఆమె మాట వింటారు. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 కంటే తక్కువుంటే ఐరన్ మాత్రలు రాస్తారు. టీతోనో కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకోకండి, ఒంటపట్టదు. మలం నల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు.

ఇలా నాలుగు వారాలు పెట్టి అదే కాటా మీద తూచండి. 200 గ్రాములైనా పెరగకపోతే తిండి లెక్క పక్కనపెట్టి పిల్లల డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో తెలియడానికి మూత్రపరీక్ష అడగండి. ఇంట్లో రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, అది క్షయ కావచ్చు కాబట్టి, ఆ సంగతీ చెప్పండి.