జీతం ఖాతా వేరే ఉన్నా ఊళ్లో బ్యాంకు ఖాతా ఉంచుకోవాలా?

సిటీలో ఉద్యోగం, ఫోన్‌లోనే అన్నీ అయిపోతున్నాయి, మరి ఊళ్లో బ్రాంచిలో ఉన్న పాత ఖాతా మూసేయాలా అని అడిగారు. మూసేయకండి.

రోజువారీ చెల్లింపులకు బ్రాంచితో పని లేదు, నిజమే. పని పడేది కష్టంలోనే. మా నాన్నగారు పోయినప్పుడు అమ్మకు ఒక్క యాప్ కూడా అక్కరకు రాలేదు. ఊళ్లో బ్రాంచి క్యాషియరుగారే ఎదురుగా కూర్చుని క్లెయిం ఫారం నింపించారు. నామినీ పేరు ముందే ఉండటంతో పని తేలికైంది. మీ ఖాతాలో నామినీ ఉన్నారో లేదో ఈసారి ఊరెళ్లినప్పుడు తప్పక చూసుకోండి. పంట రుణం, బంగారం తాకట్టు, లాకరు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఇంకో లాభం: బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. ఒకే బ్యాంకులో ఎన్ని బ్రాంచీల్లో దాచినా పరిమితి అదే. రెండు బ్యాంకుల్లో ఉంటే విడివిడిగా వర్తిస్తుంది.

అయితే ఖాతాను ఊరికే వదిలేయకూడదు. రెండేళ్లు మీరు ఏ లావాదేవీ చేయకపోతే అది పనిచేయని ఖాతా అయిపోతుంది. బ్యాంకు వేసే వడ్డీ లావాదేవీ కింద లెక్కకు రాదు. అప్పుడప్పుడూ ఓ వంద రూపాయలు పంపుతూ ఉండండి. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. మీ పాసుబుక్కు ఆనాటిదైతే కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రాయించుకోండి.

కనీస నిల్వ లేదని డబ్బు కోస్తుంటే మాత్రం, ఆ షరతు లేని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అడగండి.