సమాధానం: లేపాక్షి కియోస్క్ తెరపై మధ్యాహ్నం నల్ల మచ్చలు

మీ లేపాక్షి కియోస్క్ (ఆరుబయట నిలబెట్టిన సమాచార తెర) మీద మధ్యాహ్నం వచ్చిన నల్ల మచ్చ సాయంత్రానికి దానంతటదే పోతోందన్నారు కదండీ, అంటే ప్యానెల్ (బొమ్మ చూపే తెర పలక) పాడవలేదు. నేరుగా ఎండ పడితే లోపలి లిక్విడ్ క్రిస్టల్ మరీ వేడెక్కి పని మానేస్తుంది, చల్లారితే మళ్లీ మామూలే. మీ వెండర్ చెప్పినట్టు బ్రైట్‌నెస్ పెంచకండి, వేడి ఇంకా పెరుగుతుంది. ముందు కియోస్క్‌ను ఉత్తరం వైపు తిప్పి, పైన రెండడుగుల చూరు దించండి. సగం తిప్పలు అక్కడే తీరతాయి. ఫ్యాన్ గాలిని కిందనుంచి లాగి పైనుంచి వదలాలి, లాగే చోట దుమ్ము ఫిల్టర్ ఉండాలి. అది మూసుకుపోయినా ఇదే మచ్చ వస్తుంది, కాబట్టి విప్పి చూడండి. అప్పటికీ తగ్గకపోతేనే ప్యానెల్ మార్చండి: 110 డిగ్రీల సెల్సియస్ తట్టుకునే హై-టిఎన్‌ఐ రకం (లిక్విడ్ క్రిస్టల్ పని మానేసే వేడి హద్దు ఎక్కువగా ఉన్నది) అడగండి. అది వేడికి ఆగుతుంది గనుక, ఎండలోనూ కనబడేలా 2500 నిట్ల (నిట్ అంటే తెర వెలుగు కొలత) ప్యానెల్ తీసుకోవచ్చు. ఎలాగూ విప్పుతున్నారు గనుక తెలుగు, కన్నడ, హిందీ బటన్లను నేల నుంచి 1200 మిల్లీమీటర్ల లోపుకు దించండి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకూ అందుతాయి.